తుంగకుంట అడుగులు

నారాయణఖేడ్‌లో పొద్దున ఐదింటికి లేచే మనుషులు రెండు రకాలు. బస్సు డిపోలో మొదటి బండి పట్టుకుని హైదరాబాదు కూలికి పోయేవాళ్ళు ఒక రకం. డాక్టరు నడవమన్నాడని తుంగకుంట చుట్టూ తిరిగేవాళ్ళు రెండో రకం. మొదటివాళ్ళకు తిండి చాలదు, రెండోవాళ్ళకు తిన్నది అరగదు. ఇద్దరికీ మధ్య డిపో వెనక గోడ ఒక్కటే అడ్డం.

ఆ గోడ అవతల ఉన్నదే తుంగకుంట. ఒకప్పుడు ఇటుకబట్టీల వాళ్ళు మట్టి తవ్వుకుని వదిలేసిన పల్లం అది. వానలకు నీళ్ళు నిలిచాయి, తుంగ మొలిచింది, పిట్టలు వచ్చాయి. పిట్టలు వచ్చాక సర్కారూ వచ్చింది. 2009లో చుట్టూ తీగ కంచె వేసి, గేటు పెట్టి, కట్ట మీద నడకదారి తీసి, పిట్టలను చూడటానికి మూడు మంచెలు కట్టారు. గేటు పక్కన రేకుపలక మీద నత్తగుల్ల కొంగ, నీటికాకి, లకుముకి, బుడుబుంగ బొమ్మలు గీయించారు. బుడుబుంగ బొమ్మ అచ్చం కోడిపిల్లలా కుదిరింది గానీ, ఊళ్ళో ఎవరూ దాన్ని తప్పు పట్టలేదు.

కాపలా ఎల్లప్పది. యాభై ఎనిమిదేళ్ళవాడు, పొట్టి మనిషి, మాట పెళుసు. వాళ్ళది మూడు తరాలుగా చెప్పులు కుట్టిన ఇల్లు. బజార్లోకి రబ్బరు చెప్పులు దిగి ఆ పని తినేస్తే, ఆయన తోలు గుచ్చే ఆరె, గూటం చూరులో చెక్కి వచ్చి కుంట గేటు దగ్గర నిలబడ్డాడు. అయినా మనిషి ఎదురైతే ముందు మొహం చూడడు, కాళ్ళు చూస్తాడు. చూశాక తిడతాడు కూడా. "గదేం నడక, మడిమె మొత్తం ఒక్క దిక్కే అరగ్గొడుతున్నవ్" అని పిల్లలనీ పెద్దలనీ ఒకేలా కసురుతాడు.

రోజూ సాయంత్రం ఆరింటికి అందరినీ బయటికి పంపి గేటు వేశాక, తాడు కట్టిన చెక్కపలక ఒకటి దారి పొడుగునా ఈడ్చుకుంటూ పోవడం ఆయన పని. కట్ట మీది నల్లమట్టి పలక కింద చదునుగా, అలికిన నేలలాగా అవుతుంది. పొద్దున్నే వచ్చి చూస్తే, ఆ రోజు ఎవరెవరు రాబోతున్నారో వాళ్ళ అడుగులు దాని మీద అప్పటికే పడి ఉంటాయి.

కుంట తెరిచిన రోజు నుంచీ ఇది ఇంతే. ఎవరి అడుగుల్లో వాళ్ళు కాళ్ళు పెట్టుకుంటూ నడుస్తారు. చక్కెర వ్యాధి ఉన్న భీమమ్మ అడుగులు ఒక్కోనాడు మొదటి మంచె దాకా పోయి వెనక్కి తిరిగి ఉంటాయి. ఆ రోజు ఆమెకు పండుగ. "నేనేం జేస్త, ఇయ్యాల గింతే ఉన్నయి" అని నవ్వుకుంటూ ఇంటికి పోతుంది. పిట్టల పిచ్చి ఉన్న రిటైరైన టీచరు శంకరప్ప సారు అడుగులు మాత్రం మంచె మంచెకూ ఎక్కి దిగుతూ కుంట చుట్టూ పూర్తిగా ఉంటాయి. వాన రోజైతే ఎల్లప్ప దారి చూసి, "ఇయ్యాల నలుగురే" అని చాయ్ బండివాడికి చెప్తాడు, వాడు పాలు తక్కువ పోయించుకుంటాడు.

పోయిన అడుగులు తిరిగి రాకపోతే మాత్రం ఎవరూ ఏమీ మాట్లాడరు. అట్లా మూడేళ్ళలో రెండుసార్లు జరిగింది. మొదటిసారి బర్లు కాసే ముసలాయన. ఆయనకు చెప్పేలోపే అయిపోయింది. రెండోసారి తుంగ కోసుకునే శివమ్మ. ఆమె అడుగులు నీళ్ళలోకి పోయి తిరిగి రాలేదని తెలియగానే జనం పరుగెత్తి ఇంట్లోవాళ్ళకు చెప్పారు. వాళ్ళు ఆమెను గదిలో పెట్టి గొళ్ళెం వేశారు. శివమ్మ పొద్దంతా కాలు కాలిన పిల్లిలా గదిలో తిరిగింది. సాయంత్రానికి, "ఒక్కసారి నా అడుగులు నేను చూసుకుని వస్త, అంతే" అని కాళ్ళావేళ్ళా పడి ఏడ్చింది. తోడు వెళ్ళిన కొడుకు చెయ్యి విదిలించుకుని దిగింది. అంతకుముందే మట్టిని పలకతో చదును చేసి కూడా చూశారు గానీ, పలక దాటగానే అడుగులు మళ్ళీ ఉబికి వచ్చాయి. అప్పటి నుంచి ఊళ్ళో ఒక కట్టుబాటు నిలిచిపోయింది. ఎవరి అడుగులు తిరిగి రాలేదో వాళ్ళకు ఆ మాట చెప్పకూడదు. చెప్తే నెట్టినట్టే.

రెండువేల పన్నెండు శ్రావణంలో, నాలుగు రోజుల ముసురు వెలిసిన బుధవారం పొద్దున, ఎల్లప్ప గేటు తీసి లోపలికి వచ్చాడు. కుంట నిశ్శబ్దంగా ఉంది. ఆ వేళకు బుడుబుంగలు గోల చేయాలి, చేయడం లేదు. కొంగలన్నీ రెండో మంచె ఇవతలి తుంగలోనే ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డాయి, అవతలికి ఒక్కటీ పోలేదు.

ముందు తన అడుగులు చూసుకున్నాడు. చిన్న పాదం, కుడి అంచు అరిగిన చెప్పు. రెండో మంచె దాటి కాస్త దూరం పోయి, అక్కడి నుంచి గేటు వైపు బారెడేసి అంగలతో వెనక్కి పోయాయి. ఇయ్యాల నేను ఇంటికి ఉరుకుతున్న, ఎందుకబ్బా అనుకుంటూ వాటిలోనే కాళ్ళు పెట్టి నడిచాడు. ఎందుకో అక్కడికి పోయాక తెలిసింది.

పెద్ద చెప్పులు. అడుగున టైరు ముక్క. ఎడమ మడిమ దగ్గర అతుకు, అతుకు చుట్టూ ఏడు కుట్లు, అందులో ఒకటి వంకర. ఆ కుట్టు వేస్తుంటే ఆరె మొన విరిగి ఆయన బొటనవేలికి దిగింది, ఇంకా నెల కాలేదు. అవి అల్లుడు ఇమ్మానుయేలు చెప్పులు. అవి గేటు దగ్గరే మొదలయ్యాయి గానీ, తన అడుగులే చూసుకుంటూ వచ్చిన ఎల్లప్ప గమనించలేదు. ఆ అడుగులు కట్ట మీదుగా మూడో మంచె దాటి, దారి వదిలి, ఎడమకు దిగి, గుర్రపుడెక్క పరుచుకున్న వైపు పోయాయి. డెక్క మడుగంతా కమ్మి, పచ్చని మడిలా ఉంది. దాని అంచున ఆఖరి అడుగు మొన నీళ్ళ వైపు చూస్తోంది. తిరిగి వచ్చినవి లేవు.

ఎల్లప్ప వంగి మళ్ళీ చూశాడు. ఆ అడుగుల్లో ఏదో తేడా ఉందని, అన్నంలో రాయి పంటికి తగిలినట్టు ఒక్క క్షణం అనిపించింది. కానీ ఏడు కుట్లు చూసిన మనిషికి ఇంకేమీ కనిపించలేదు. ప్రభువా, నా బిడ్డ ఏడో నెల అని మాత్రం అనుకున్నాడు. తర్వాత బారెడేసి అంగలతో ఇంటికి ఉరికాడు.

ఇల్లు చర్చి వెనక వాడలో. ఒకే గది, ముందు చిన్న వసారా. భార్య లీలమ్మ పొయ్యి దగ్గర జొన్నరొట్టె కొడుతోంది. కూతురు రోజ గోడకు ఆనుకుని, కాళ్ళు చాపుకుని, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. ఇమ్మానుయేలు పెరట్లో పళ్ళు తోముతున్నాడు.

"ఏందయ్యా, గప్పుడే వచ్చినవ్?" అంది లీలమ్మ. "గేటు కాడ ఎవలున్నరు?"

"తాళంచెవి మర్సిన."

తాళంచెవి ఆయన మొలతాడుకే వేలాడుతోంది. లీలమ్మ దాన్ని చూసింది, ఆయన మొహం చూసింది, మళ్ళీ రొట్టె మీదికి వంగింది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఏది అడగకూడదో ఆమెకు బాగా తెలుసు.

ఇమ్మానుయేలు నాగల్‌గిద్ద అవతలి పల్లెవాడు. కర్ణాటక కూతవేటు దూరం, కాబట్టి మాటకు ముందు ఒక కన్నడం ముక్క, వెనక ఒకటి తగులుతుంటాయి. చెప్పు కుట్టడం రాదు, నేర్పితే వేలు పొడుచుకుంటాడు. ఆ సంగతి ఎల్లప్ప వాడంతా చెప్పి నవ్వించాడు. పోయిన వానాకాలంలో కుంట దగ్గర ఎడమ పాదంలో మేకు దిగి, కాలు తొడ దాకా వాచి, దవాఖానలో పదిరోజులు పడి ఉన్నాడు. రోజ ఆ పదిరోజులూ మంచం కింద పడుకుంది. అప్పటి నుంచి చెప్పులు లేకుండా గడప దాటడు, ఎడమ కాలు ఈడుస్తూ నడుస్తాడు. ఆ ఈడ్పుకు మడిమ అరిగిపోవడం, నెలకోసారి ఎల్లప్ప తిట్టుకుంటూ అతుకు వేయడం మామూలైపోయింది. తిడుతూ కుట్టే కుట్టు కాస్త గట్టిగానే పడుతుంది.

"మామా, చాయ్ తాగి నేను సుత వస్తున్న" అన్నాడు ఇమ్మానుయేలు తువ్వాలతో మూతి తుడుచుకుంటూ. "మూడో మంచె కాడ డెక్క తియ్యాలన్నరు గద."

"ఇయ్యాల పని లేదు. పండుకో."

"నిన్న పొద్దుమూకి చెప్పిన్రు, ఇయ్యాలనే తియ్యాలని."

"లేదన్న గద. రోజ కాడ ఉండు."

"రోజనే పొమ్మంటుంది మామా. నాగా పెడితే ఇంకొకన్ని పెట్టుకుంటరు. ఆయ్తు, నువ్వు పో, నేను ఎనక వస్త."

చెప్పాలన్న మాట ఎల్లప్ప నోటి దాకా వచ్చింది. శివమ్మ మొహం గుర్తొచ్చి మింగాడు. మంచిగా చెప్తే వినడు, నిజం చెప్తే నెట్టినట్టు. ఏం చేయాలో తోచక కిందికి చూస్తే, గడప పక్కన అల్లుడి చెప్పులు కనిపించాయి. అవి లేకపోతే వీడు కదలడు. తన చెప్పులు వాడి సగం పాదానికి కూడా రావు. ఆ మాట తట్టగానే ఎల్లప్పకు ప్రాణం లేచి వచ్చింది.

కానీ వాటిని తీసుకుపోవడం ఎట్లా? ఇంకెవరైనా అయితే చేత పట్టుకుని, లేదంటే తువ్వాలలో చుట్టుకుని పోయేవాళ్ళు. ఎల్లప్ప చేయలేడు. ఆయన తండ్రి స్తెఫను ఊళ్ళో పెద్దింటి వాళ్ళందరికీ చెప్పులు కుట్టినవాడు. పటేల్ గల్లీ మొదట్లోకి రాగానే తన చెప్పులు విప్పి చేతిలో పట్టుకుని, తల వంచుకుని, గల్లీ చివర మళ్ళీ తొడుక్కునేవాడు. మే నెల ఎండలో కూడా అంతే. తొమ్మిదేళ్ళ ఎల్లప్ప వెనక నడుస్తూ నాయన మడిమలు చూసేవాడు. ఇరవయ్యో ఏట, నాయన పోయిన నెలకు, తను కుట్టుకున్న కొత్త చెప్పులు టకటకలాడించుకుంటూ ఆ గల్లీ మధ్యలోంచి నడిచాడు. అరుగుల మీద ఉన్నవాళ్ళు చూశారు, కాలం మారిందని తెలిసి ఊరుకున్నారు. ఆ రోజు నుంచి ఇంట్లో ఒకటే మాట. "ఈ ఇంట్ల ఎవ్వలు చెప్పులు చేతిల పట్టుకోవద్దు. తెగితే కుంటుకుంట రాండ్రి." రోజ చిన్నప్పుడు బడి నుంచి తెగిన చెప్పు ఈడ్చుకుంటూ మైలు దూరం వచ్చింది గానీ చేత పట్టలేదు.

అందుకని ఎల్లప్ప తన చెప్పులు విడిచి, అల్లుడివి కాళ్ళకు తొడుక్కున్నాడు. కాళ్ళ నుంచి ఎవడు లాక్కుంటాడు అనుకున్నాడు. ఆ తెలివికి తనే మెచ్చుకుని, చప్పుడు కాకుండా వసారా దిగాడు.

గేటు దగ్గర నడకవాళ్ళు అప్పటికే గుమిగూడారు. "ఏమయ్యా, మమ్ముల నిలబెట్టి నువ్వు తిరిగొస్తున్నవా?" అంది భీమమ్మ. "తిరిగే కాలు, తిట్టే నోరు ఊరుకోవంటరు. నీకు రెండూ ఉన్నయి."

ఎల్లప్ప గేటు బార్లా తెరిచాడు. అందరూ దారి వైపు చూశారు. ఎవరి అడుగులు వాళ్ళు వెతుక్కుంటూ ఆ పెద్ద చెప్పుల అడుగుల దగ్గరికి వచ్చారు, అవి ఎటు పోయాయో దూరం దాకా చూశారు. భీమమ్మ నవ్వు ఆగిపోయింది. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, ఆ అడుగులు తగలకుండా పక్కనుంచి పోయింది. మిగతావాళ్ళూ అట్లాగే పోయారు. ఎవరివని ఎవరూ అడగలేదు, ఎల్లప్ప మొహం వైపు కూడా ఎవరూ చూడలేదు. ఆయన కూడా ఆ అడుగుల వైపు చూడదలుచుకోలేదు. అల్లుడు ఇంట్లో ఉన్నాడు, చెప్పులు నా కాళ్ళకు ఉన్నాయి, ఇయ్యాల కుంట అబద్ధమాడుతుంది అని మనసులో గట్టిగా అనుకున్నాడు.

గంటసేపు ఏమీ కాలేదు. నడకవాళ్ళు ఒక్కొక్కరే తిరిగి ఇళ్ళకు పోయారు. శంకరప్ప సారు మాత్రం మూడో మంచె మీద దుర్బీన్ పట్టుకుని కూర్చున్నాడు. పిట్టల పేర్లు నోటుబుక్కులో రాసుకోవడం ఆయన పని. ఆ రోజు రాయడానికి ఏమీ దొరకడం లేదు, అన్నీ ఇవతలే నక్కి ఉన్నాయి.

ఉన్నట్టుండి ఆయన కేక వేశాడు. "ఎల్లప్పా, ఓ ఎల్లప్పా. కొంగ చిక్కుకుంది. దోటి తీసుకుని జల్దీ రా."

పిట్ట చిక్కుకుంటే విడిపించడం కాపలావాడి పనే. కొక్కెం కట్టిన పొడుగు వెదురు భుజాన వేసుకుని ఎల్లప్ప కట్ట మీద గబగబా నడిచాడు. మూడో మంచె దాటాక కనిపించింది. నత్తగుల్ల కొంగ. డెక్క మీద, ఒడ్డుకు నాలుగు బారల దూరంలో, కాలికి గాలం తీగ చుట్టుకుని కొట్టుకుంటోంది. అరవడం లేదు. రెక్కలు చాపి లేవబోతుంది, లేచినప్పుడల్లా ఎవరో కిందికి గుంజినట్టు పడుతుంది. దాని కన్ను ఎల్లప్ప మీదే ఉంది.

"ఆగు తల్లీ, ఆగు, వస్తున్న" అంటూ ఆయన దారి వదిలి ఎడమకు దిగాడు. చూపు కొంగ మీద ఉంది. దోటి అందుతుందా, ఇంకో నాలుగు అడుగులు వేయాలా అని లెక్క వేసుకుంటున్నాడు. కాలి కింద మట్టి మెత్తగా, చల్లగా, ముందే సిద్ధం చేసి పెట్టినట్టు పాదాలను పట్టుకుంటోంది.

మంచె మీద శంకరప్ప సారు దుర్బీన్ దించాడు. పైనుంచి ఆయనకు దారంతా కనిపిస్తుంది. కొంగ వైపు పోతున్న ఆ అడుగులను ఆయన పొద్దున్నే చూశాడు. ఇప్పుడు ఎల్లప్ప కాలు వాటిలో ఒక్కొక్కదానిలో, అంచు కూడా చెదరకుండా పడుతోంది. చెప్పకూడదు, చెప్తే నెట్టినట్టే. చెప్పకపోతే ఇంకో ఏడెనిమిది అడుగులు. ముప్పై ఏళ్ళు పిల్లలకు పాఠం చెప్పిన మనిషికి చివరికి ఒక ప్రశ్న దొరికింది.

"ఎల్లప్పా, నీ కాళ్ళకు ఉన్న గా చెప్పులెవరియి?"

ఎల్లప్ప ఆగాడు. పుట్టినప్పటి నుంచి చెప్పుల గురించి ఎవరు ఏది అడిగినా జవాబు చెప్పకుండా ముందుకు పోలేడు. తల వంచి చూసుకున్నాడు. కాళ్ళకు టైరు చెప్పులు. ముందు అదే టైరు అచ్చు, అదే అతుకు, ఏడు కుట్లు. వెనక్కి చూస్తే తను వచ్చిన దారిలో కొత్త అడుగంటూ ఒక్కటీ లేదు, అన్నీ పొద్దున ఉన్నవే.

అప్పుడు పొద్దున తగిలిన రాయి ఏమిటో తెలిసింది. ఇమ్మానుయేలు ఎడమ కాలు ఈడుస్తాడు. వాడు నడిచిన మట్టిలో ఎడమ మడిమ వెనక ఒక గీత ఉండాలి. ఈ అడుగుల్లో ఎక్కడా గీత లేదు. రెండు కాళ్ళూ తిన్నగా, కుడి వైపు కాస్త బరువు వేసి, పొట్టివాడి అంగలతో ఉన్నాయి. కుట్టేవాడి కన్ను కుట్టు దగ్గరే ఆగిపోయింది, నడక చూడలేదు. ఊరందరి నడకలకు వంకలు పెట్టిన మనిషి తన నడకను గుర్తుపట్టలేదు.

ముందు సంతోషం వచ్చింది. అల్లుడు కాదు. రోజ మొగుడు కాదు. ఎల్లప్పకు గట్టిగా ఊపిరి ఆడింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ వెంటనే మళ్ళీ ఆ అడుగుల వైపు చూశాడు. అంటే నేనే.

ముందు ఏడు అడుగులు మిగిలి ఉన్నాయి. కొంగ కొట్టుకోవడం ఆపి ఆయన్నే చూస్తోంది. కాళ్ళు తమంతట తామే లేవబోతున్నాయి. అలవాటు అట్లాంటిది, మూడేళ్ళుగా పొద్దున్నే అడుగు కనిపిస్తే అందులో కాలు పెట్టడమే. శివమ్మ ఎందుకు చెయ్యి విదిలించుకుందో ఆయనకు అప్పుడు అర్థమైంది. ఎంత తేలిక, ఏడంటే ఏడు.

"మామా," అని గేటు వైపు నుంచి కేక వినిపించింది. ఇమ్మానుయేలు వస్తున్నాడు. వట్టికాళ్ళతో. అల్లుడు చెప్పులు లేకుండా గడప దాటడని పెట్టుకున్న నమ్మకం అక్కడితో పోయింది. ముళ్ళను చూసుకుంటూ, ఎడమ కాలు ఈడ్చుకుంటూ, చెప్పుల కోసం కట్ట ఎక్కి వస్తున్నాడు.

ఎల్లప్ప మనసు ఆరె మొనలా అన్ని వైపులా గుచ్చి చూసింది. చెప్పులు ఇక్కడే విడిస్తే అల్లుడు తొడుక్కుంటాడు, తొడుక్కున్న కాళ్ళతో తిన్నగా పనికి, ఆ డెక్కలోకే దిగుతాడు. నీళ్ళలోకి విసిరితే టైరు చెప్పులు డెక్క మీద తేలి కనిపిస్తుంటాయి, వాటి కోసమూ దిగుతాడు. కాళ్ళకు ఉంచుకుని వెనక్కి తిరగబోయాడు. కాలు లేచింది, లేచి వెనక్కి కాకుండా ముందు అడుగులోనే పడింది. ఇంక ఆరు.

ఆ చెప్పులు ఈ చోటు నుంచి పోవాలి. ఏ కాళ్ళకూ ఉండకుండా పోవాలి. దానికి దారి ఒక్కటే. ఏడుపు వచ్చింది ఎల్లప్పకు, చావుకు కాదు. నలభై ఏళ్ళు కాపాడుకున్నది ఒక్కటే ఉంది, దాన్ని అడుగుతోంది కుంట.

దోటి కింద పెట్టాడు. వంగి ఒక చెప్పు ఊడదీశాడు, మట్టి వదలలేక వదిలింది. రెండోది ఊడదీశాడు. వట్టి పాదం చదును మట్టి మీద, అడుగు లేని చోట పెట్టాడు. చెప్పులు రెండూ చేతిలో పట్టుకుని వెనక్కి తిరిగాడు.

వెనక చప్పుడేమీ కాలేదు. మంచె మీద నుంచి శంకరప్ప సారు మాత్రం చూశాడు. కొంగ రెక్కలు చాపినవి చాపినట్టే డెక్క కిందికి పోయింది. ఆకులు మళ్ళీ కలుసుకుని మడి మడిలాగే ఉంది. ఆయన ఆ రోజు నోటుబుక్కులో ఏమీ రాయలేదు.

కట్ట మీద మామా అల్లుడూ ఎదురుపడ్డారు. "మామా, నా చెప్పులు నువ్వెందుకు" అని మొదలుపెట్టిన ఇమ్మానుయేలు, అవి ఎక్కడ ఉన్నాయో చూసి ఆగిపోయాడు. స్తెఫను తాత సంగతి ఆ ఇంటికి అల్లుడుగా వచ్చిన వారంలోనే విన్నాడు. మామ వట్టికాళ్ళు చూశాడు, ఆయన భుజం మీదుగా అవతలి అడుగులు చూశాడు. అతనూ మూడేళ్ళుగా ఆ దారిలో నడిచినవాడే, విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

"తొడుక్కుంటవేమో" అన్నాడు ఎల్లప్ప, చెప్పులు వెనక్కి దాచుకుంటూ. "నా పానం పోయినా ఇయ్య."

"వద్దు మామా."

"ముండ్లున్నయి. నీ కాలు."

"ఉండనియ్యి."

గేటు దాటారు. డిపో గోడ పక్కనుంచి బజారు, బజారు నుంచి పటేల్ గల్లీ, అది దాటితే వాళ్ళ వాడ. ఇంకో దారి లేదు. గల్లీ మొదట్లో ఎల్లప్ప కాళ్ళు ఆగాయి. ఇప్పుడు ఆ ఇళ్ళలో సగం కిరాయికి ఉన్నవాళ్ళే, ఎవరికీ ఏమీ పట్టదు. కానీ ఒక అరుగు మీద తొంభై ఏళ్ళ కిష్టవ్వ ఉంది, ఆమెకు అన్నీ గుర్తే. ఆమె కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. "ఎవలది, స్తెఫనా?" అంది.

ఎల్లప్ప మొహం కాలిపోయింది. తల వంచకూడదనుకున్నాడు గానీ, వంగింది. అప్పుడు ఇమ్మానుయేలు పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"మామా, ఒకటి నాకియ్యి."

"తొడుక్కోవు గద?"

"చేతిలనే పట్టుకుంట."

ఎల్లప్ప ఒక చెప్పు ఇచ్చాడు. ఇద్దరూ చెరొక చెప్పు చేతిలో పట్టుకుని, వట్టికాళ్ళతో, గల్లీ మధ్యలోంచి నడిచారు. అల్లుడు కుంటుతున్నాడు కాబట్టి మెల్లగా నడవాల్సి వచ్చింది. గల్లీ అంత పొడుగుందని ఎల్లప్పకు ఆ రోజే తెలిసింది.

ఇంటికి పోయాక ఆ చెప్పులను పొయ్యిలో పెట్టారు. లీలమ్మ ప్రార్థన చేసుకుంటూ పుల్లలు ఎగదోసింది. తోలు కాలే వాసన వాడంతా రెండు రోజులు ఉంది. తర్వాత డెక్కలో ఆ చోట వెదురు గుచ్చి చూశారు. రెండు వెదుళ్ళు కలిపి కట్టినా అడుగు తగల్లేదు. బట్టీలవాళ్ళు ఎంత లోతు తవ్వుకుపోయారో ఎవరికీ తెలియదు. మూడో మంచె అవతల తీగ కట్టేశారు. ఇమ్మానుయేలుకు ఎల్లప్ప కొత్త చెప్పులు కుట్టాడు, ఈసారి ఒక్క కుట్టూ వంకర పోలేదు.

ఆ బుధవారం సాయంత్రం కూడా ఎల్లప్ప దారి మీద పలక ఈడ్చాడు. గురువారం పొద్దున వచ్చి చూశాడు. భీమమ్మ అడుగులు ఉన్నాయి. శంకరప్ప సారువి ఉన్నాయి. ఎడమ మడిమ వెనక గీతతో ఇమ్మానుయేలువి పోయి, తిరిగి వచ్చి ఉన్నాయి. తనవి లేవు. గేటు దగ్గర కూడా లేవు.

ఇయ్యాల లోపలికి పోయేది లేదు, అంటే ఇక్కడే, గేటు దగ్గరే నా పానం పోతదేమో అనుకున్నాడు. గేటు కమ్మి పట్టుకుని పొద్దెక్కేదాకా నిలబడ్డాడు. నడకవాళ్ళు వచ్చారు, దారి చూశారు, ఆయన అడుగుల కోసం వెతికారు, అవి కనిపించక ఆయన వైపు చూడకుండా పోయారు. ఏమీ కాలేదు. పిట్టలకు నూకలు వేసే వేళ దాటిపోతోంది. చివరికి ఎల్లప్ప విసుగెత్తి లోపలికి పోయాడు, నూకలు వేశాడు, తిరిగి వచ్చాడు.

మర్నాడూ లేవు. ఆ వారం లేవు, ఆ యేడు లేవు. రోజకు కొడుకు పుట్టిన రోజున కూడా లేవు. ఊరందరూ రేపు ఎంత దూరం నడుస్తారో, తిరిగి వస్తారో లేదో ఆ దారికి ముందే తెలుసు. ఎల్లప్ప సంగతి మాత్రం దానికి తెలియడం మానేసింది.

"నీకేందయ్యా, నీ ఇష్టమున్న దిక్కు పోతవ్" అంది భీమమ్మ ఒకనాడు, కాస్త కుళ్ళుకుంటూ.

"భయమైతది భీమమ్మా" అన్నాడు ఎల్లప్ప.

అది నిజమే. ఆ గేటు దగ్గర అంత భయపడే మనిషి ఇంకొకడు లేడు. రోజూ పొద్దున ఒక్కడే నిలబడి ఖాళీ మట్టిని చాలాసేపు చూస్తాడు. తర్వాత కాలు ఎత్తి, ఎక్కడో ఒకచోట పెడతాడు.